ఫిబ్రవరి 12 తర్వాత

సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో సహాయ నిరాకరణ పాఠం ఎప్పుడూ ఒకే చోట ఆగుతుంది. 1922 ఫిబ్రవరి మొదట్లో గోరఖ్‌పూర్ జిల్లా చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణా తగలబెట్టారు, ఇరవై మందికి పైగా పోలీసులు చనిపోయారు, ఫిబ్రవరి 12న బార్డోలీలో ఉద్యమం నిలిపివేస్తూ తీర్మానం చేశారు, మార్చిలో గాంధీజీకి ఆరేళ్ళ శిక్ష పడింది. తర్వాతి పాఠం సైమన్ కమిషన్. మధ్యలో ఐదారేళ్ళు దేశం నిద్రపోయినట్టుంటుంది. నరసరావుపేట చుట్టుపక్కల హైస్కూళ్ళలో నా ఉద్యోగమంతా ఆ పాఠం చెప్పడంతోనే గడిచింది. చెప్పిన ప్రతిసారీ బ్లాక్‌బోర్డు మీద ఫిబ్రవరి 12 కింద గీత గీసి, దాని కింద ఇంకో పాఠం చెప్పేదాన్ని. పరీక్షల్లో రాదని పిల్లలకు తెలుసు. అయినా వినేవాళ్ళు, ఎందుకంటే అందులో వాళ్ళ ఊళ్ళ పేర్లుండేవి.

ముందు ఆ జనవరిలో మా గుంటూరు జిల్లా ఎలా ఉందో చెప్పాలి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద జనం ఇళ్ళకు తాళాలు వేసుకుని ఊరి బయటికి వెళ్ళిపోయారు. అక్కడ పాకలు వేసుకుని రామనగరమని పేరు పెట్టుకుని సుమారు పదకొండు నెలలు ఉన్నారు. నేతగాళ్ళు, చిన్న వ్యాపారులు, పసిపిల్లల తల్లులు. ఎండలు, వానలు అన్నీ ఆ పాకల్లోనే. నాయకుణ్ణి జైల్లో పెట్టినా చాలాకాలం వెనక్కి రాలేదు.

పెదనందిపాడు ఫిర్కాలో ఇంకో రకం పోరు. మునసబులు, కరణాలు వరసబెట్టి రాజీనామాలిచ్చారు. రైతులు శిస్తు కట్టం అన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరిగారు శాంతిసేన పేరుతో వలంటీర్లను తయారుచేశారు. పశువులను జప్తు చేసి వేలం వేస్తే పాడేవాడు లేడు, తోలుకుపోవడానికి మనిషి దొరకలేదు, అధికారులకు బండి కట్టేవాడు లేడు. సర్కారు సైన్యాన్ని తెచ్చి ఊళ్ళలో కవాతు చేయించింది. శిస్తు రాలేదు. అప్పటి జిల్లా కలెక్టరు రూథర్‌ఫర్డ్. ఈ పేరు గుర్తుంచుకోండి, రెండేళ్ళలో ఇంకో చోట కనిపిస్తాడు.

బార్డోలీ తీర్మానంతో పెదనందిపాడు ఆగింది. రైతులు క్రమశిక్షణ గలవాళ్ళు. కాంగ్రెసు కట్టొద్దంటే కట్టలేదు, ఆపమంటే ఆపారు. ఇది చిన్న సంగతి కాదు. జప్తులో గొడ్లు పోగొట్టుకున్న మనిషి ఏమీ చేతికి రాకుండా శిస్తు కట్టడానికి వెళ్ళడంలో ఎంత దుఃఖముంటుందో రైతు ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి నాకు తెలుసు.

పల్నాడు మాత్రం ఆగలేదు. మా నాయనమ్మ పుట్టిల్లు మాచర్ల వైపు. ఆవిడకు బార్డోలీ పేరు తెలియదు, పుల్లరి తెలుసు. అడవిలో గొడ్లను మేపుకున్నందుకు తలకింతని కట్టే పన్ను అది. నాగార్జునసాగర్ కాలవలు రావడానికి ఇంకా నాలుగు దశాబ్దాలు పట్టే రోజులవి. నల్లమల అంచున ఉన్న ఆ ఊళ్ళలో పంట వాన మీద, బతుకు గొడ్ల మీద. తాతల నాటి నుంచి గొడ్లు తిరిగిన అడవికి హద్దురాళ్ళు పాతి రిజర్వు అన్నారు. దాటితే జరిమానా, మేపితే పుల్లరి. కట్టలేకపోతే గొడ్లను బందెలదొడ్డికి తోలుకుపోయేవాళ్ళు. పుల్లరి మీద ఫారెస్టోళ్ళకి నెయ్యి, కోళ్ళు వేరే ఇవ్వాలని చెప్పేది నాయనమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారేది. పన్నుకన్నా ఆ నెయ్యి చెంబే ఎక్కువ బాధించినట్టుంది.

1921లో పల్నాడు ఊళ్ళు పుల్లరి కట్టడం మానేశాయి. అధికారులు ఊళ్ళోకొస్తే మంచినీళ్ళిచ్చేవాళ్ళు లేరు, బియ్యం అమ్మేవాళ్ళు లేరు, చాకలి, మంగలి పలకరు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతు ఈ పోరుకు ముందు నిలబడ్డాడు. అహమ్మదాబాదులోనో బార్డోలీలోనో ఏం తీర్మానించారన్నది ఆ ఊరికి అడవి సమస్య తీర్చలేదు. గొడ్లకు మేత ఆ రోజూ కావాలి, మర్నాడూ కావాలి. ఫిబ్రవరి ఆఖర్లో పోలీసులు మించాలపాడు మీద కాల్పులు జరిపారు. హనుమంతు చనిపోయాడు. పాఠ్యపుస్తకంలో ఉద్యమం ముగిసిన తర్వాత ఆ ఊళ్ళో తుపాకులు పేలాయి. తూటాలు తిని పడి ఉన్న మనిషి దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదని, దాహం దాహమంటూ ప్రాణం వదిలాడని పల్నాడంతా చెప్పుకుంటుంది. మా క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీలు కూడా నిశ్శబ్దమయ్యేవి.

మార్చి నెలాఖరున ఉగాది వచ్చింది. దుర్మతి వెళ్ళి దుందుభి నామ సంవత్సరం మొదలైంది. ప్రపంచ చరిత్ర పట్టికలు తిరగేస్తే ఆ ఏడాది కింద టుటంఖామన్ సమాధి, రోములో ముస్సోలినీ, డిసెంబరు చివర సోవియట్ యూనియన్ ఏర్పాటు కనిపిస్తాయి. అన్నీ పెద్దవే. వాటిని పిల్లలు ఎలాగూ నేర్చుకుంటారు. నాకు దుందుభి అంటే జూలై నుంచి డిసెంబరు దాకా మన గడ్డ మీద నడిచిన ఆరు నెలలు. ఆ నెలల్లో ఎవరు తిరగబడ్డారో, ఏం అచ్చయిందో, ఎవరు పుట్టారో ఒకే వరసలో పెట్టి చూస్తేనే ఆ కాలం కళ్ళకు కడుతుంది.

జూలై 30న శ్రీకాకుళంలో రాచకొండ విశ్వనాథశాస్త్రి పుట్టారు. పెరిగి విశాఖపట్నంలో వకీలయ్యారు. కోర్టు వరండాల్లో తిరిగే బీదాబిక్కీ, వాళ్ళను పీడించే పోలీసులు, దొంగసారా కేసులు, వీళ్ళందరినీ కథల్లోకి తెచ్చి ఆరు సారా కథలు రాశారు. చట్టం బీదవాడి మీద పడే తీరును తెలుగులో ఆయనంత దగ్గరగా చూపించినవాళ్ళు తక్కువ. అదే 1922 ఫిబ్రవరిలో పారిస్‌లో జేమ్స్ జాయిస్ యులిసిస్ నవల అచ్చయింది. ఆ జూలైలో శ్రీకాకుళంలో పుట్టిన పిల్లవాడు మూడు దశాబ్దాల తర్వాత అల్పజీవి రాశాడు. తెలుగులో చైతన్య స్రవంతి పద్ధతిలో వచ్చిన తొలి నవలల్లో అదొకటి.

ఆయన పొత్తిళ్ళలో ఉండగానే విశాఖ జిల్లా కొండల్లో మన్యం చట్టానికి ఎదురు లేచింది.

మన్యం సంగతి అల్లూరి సీతారామరాజుతోనే మొదలుపెడతారు అందరూ. నేను 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలుపెట్టేదాన్ని. ఇంకా వెనక్కెళ్ళి 1879 రంప పితూరీ చెప్పేదాన్ని. కల్లు గీత మీద చిగురుపన్ను వేసినందుకు లేచిన పితూరీ అది. ఆ తర్వాత అటవీ చట్టం వచ్చి పోడును నేరం చేసింది. చింతపండు, తేనె, కట్టెపుల్ల, దేనికైనా గార్డు చెయ్యి అడ్డం. ముఠాదారుల పాత అధికారాలు పోయాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళను తోలించాడు. చెయ్యించుకున్న పనికి కూలి సరిగా ఇవ్వలేదు. పుల్లరికీ, పోడుకీ, రోడ్డు కూలికీ మూలం ఒకటే: జనం అడవిని సర్కారు తనదనుకుంది. అందుకే పల్నాడు పాఠం చెప్పిన మర్నాడే మన్యం చెప్పేదాన్ని. రెండూ ఒకే పాఠం.

ఆగస్టు 22న సుమారు మూడు వందల మందితో రాజు చింతపల్లి ఠాణా మీద పడ్డాడు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి, అక్కడ ఖైదులో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. మూడు రోజుల్లో మూడు ఠాణాలు, చేతికొచ్చినవి 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు పక్కనే ఉన్నారు. పట్టుకెళ్ళిన ఆయుధాల లెక్క ఠాణా రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళాడు రాజు. ఈ సంగతి నాకెప్పుడూ ఒళ్ళు పులకరించేలా చేస్తుంది. దొంగతనం కాదిది, దర్జాగా చేసిన స్వాధీనం. ఠాణా పుస్తకంలో ఆ సంతకం పెట్టిన చెయ్యికి అప్పుడు పాతికేళ్ళు.

ఇక్కడొక్క మాట. అప్పుడు మద్రాసులో ప్రధానమంత్రి తెలుగువారే, పానగల్ రాజా. జస్టిస్ పార్టీ ప్రభుత్వం. అయితే ద్వంద్వ పాలనలో పోలీసు, ఆర్థికం గవర్నరు చేతిలోనే ఉండిపోయాయి. గవర్నరు విల్లింగ్డన్. మంత్రులకు మిగిలినవి విద్య, వైద్యం, స్థానిక పాలన వంటివి. మన్యంలో ఎవర్ని కాల్చాలో వాళ్ళను అడిగి చెయ్యాల్సిన పని లేదు.

మా కోడలిది నల్లగొండ. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఒక సాయంత్రం ఇంటికొచ్చిన పిల్లలకు నేను ఈ ఆగస్టు చెబుతుంటే వంటింట్లోంచి విని వచ్చింది.

"అత్తమ్మా, ఆ ఏడు మా నల్లగొండ ఊకె కూసున్నదా?" అంది.

కూర్చోలేదు. ఆ ఆగస్టు చివరి వారంలోనే నల్లగొండలో నీలగిరి పత్రిక మొదలైంది. పెట్టినవారు షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు. ఇంచుమించు అదే రోజుల్లో ఓరుగల్లు వైపు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చింది. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఆ పల్లెటూళ్ళోనే ప్రెస్సు పెట్టి తామే రాసి అచ్చువేశారు. ఇప్పుడు వినేవాళ్ళకు ఇందులో సాహసమేముంది అనిపించవచ్చు. నిజాం రాజ్యంలో బడి ఉర్దూలో, కచేరీ ఉర్దూలో. అంతకు ముందటేడు, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధిని థియేటర్లో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి మాట్లాడనివ్వలేదు. అది చూసి లేచివచ్చిన తెలుగువాళ్ళు ఆంధ్రజన సంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావుగారు దాన్ని భుజాన వేసుకున్నారు. ఆ గోల జరిగి ఏడాది తిరగక ముందే రెండు తెలుగు వారపత్రికలు పుట్టాయి. సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక రావడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

మన్యంలో ఠాణాల నుంచి తుపాకులు తీసుకున్న రోజుల్లోనే ఇనుగుర్తిలో అచ్చుయంత్రానికి సిరా పట్టించారు. ఈ రెండు చోట్ల వాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలిసే వీలు తక్కువ. పాలన వేరు, ఇంకో రాజు, ఇంకో సర్కారు. అయినా ఆ వారం నాకు ఒక్కటిగానే కనిపిస్తుంది. ఒకచోట అడవి, ఒకచోట నోరు, తమది తమకు కావాలన్నారు. మా కోడలు ఆ రోజు అడిగినప్పటి నుంచి నా ఆగస్టు పాఠంలో నాలుగో రోజు, అయిదో రోజు కూడా చేరాయి.

సెప్టెంబరు 10న తెనాలి దగ్గర యలవర్రులో ఒక రైతు ఇంట యలవర్తి నాయుడమ్మ పుట్టారు. బెనారసులో కెమికల్ టెక్నాలజీ చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, మద్రాసు కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. తోలు పని అంటే ముట్టుకోకూడని పనిగా చూసే సమాజంలో దాన్నే తన శాస్త్రంగా ఎంచుకున్నారు. తర్వాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా ఉండి, లాబొరేటరీల్లో పుట్టింది పల్లెలకు చేరాలని కరీంనగర్ జిల్లాను ఎంచుకుని పని చేయించారు. 1985 జూన్‌లో ఐర్లండు తీరాన బాంబు పేలి కూలిన కనిష్క విమానంలో ఆయన ఉన్నారు. తెనాలి వాళ్ళకు ఆ రోజు ఇంట్లో మనిషి పోయినట్టే.

ఆయన పుట్టిన రెండు వారాలకు, సెప్టెంబరు 24న, దామనపల్లి ఘాట్‌లో రాజు దళం మాటు వేసింది. ముందు నడిచే మన సిపాయిలను పోనిచ్చి, వెనకొచ్చే తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హేటర్‌లను కొట్టారు. ఇద్దరూ చనిపోయారు. మద్రాసు ప్రభుత్వానికి అప్పుడు గానీ ఇది మామూలు పితూరీ కాదని అర్థం కాలేదు. మాప్పిళ్ళల తిరుగుబాటును అణచడానికి అంతకు ముందటేడు తయారుచేసుకున్న మలబారు స్పెషల్ పోలీసును మన్యానికి పంపింది.

అక్టోబరు 1న పాలకొల్లులో అల్లు రామలింగయ్య పుట్టారు. హోమియో డాక్టరు, నాటకాల మనిషి, పుట్టిల్లు సినిమాతో 1953లో తెరకెక్కి అరవైలు, డెబ్భైల్లో తెలుగు ఇంటింటి మనిషయ్యారు. మన్యంలో అక్టోబరు 15న అడ్డతీగల ఠాణా, 19న రంపచోడవరం. రాజు ముందే కబురు పెట్టి వెళ్ళాడు. బాణానికి మిరపకాయలు కట్టి కబురు పంపేవాడని, దాన్ని మిరపకాయ టపా అంటారని మన్యంలో చెప్పుకుంటారు. ఈసారి ఠాణాల్లో ఆయుధాలు దాచేశారు కాబట్టి పెద్దగా దొరకలేదు. అయినా ప్రజలు చూడటానికి వచ్చారు. సర్కారుకు అదే ఎక్కువ భయం.

డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టారు. తండ్రి సూరయ్య తరంగాలు పాడేవారు. తండ్రి చిన్నప్పుడే పోతే, సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరి, మధుకరం చేసుకుని కడుపు నింపుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర చదువుకున్నారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసులు లూయీ గన్నులతో రాజు దళాన్ని కొట్టారు. అంతవరకూ వరసగా గెలిచిన దళానికి అది మొదటి పెద్ద దెబ్బ. అనుచరులు చాలామంది పోయారు. రాజు కొన్ని నెలలు ఎవరికీ కనిపించలేదు. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో కనిపించేదాకా ఆయన చనిపోయాడనే చాలామంది అనుకున్నారు.

ఈ డిసెంబరు రెండు రోజులు చెప్పాక పిల్లలతో ఒక పాట సంగతి చెప్పేదాన్ని. 1974లో కృష్ణ అల్లూరి సీతారామరాజు సినిమా తీశారు. అందులో శ్రీశ్రీకి జాతీయ అవార్డు తెచ్చిపెట్టిన పాటను పాడినవాళ్ళలో ఘంటసాల ఒకరు, వి. రామకృష్ణతో కలిసి. సినిమా విడుదలయ్యేనాటికి ఘంటసాల లేరు, ఆ ఫిబ్రవరిలోనే పోయారు. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీత ఇవాళ్టికీ మా పేటలో ఎవరి ఇంటి ముందు వినిపించినా ఆ ఇంట్లో చావు జరిగిందని తెలుస్తుంది. పెద్దగడ్డపాలెం తూటాల చప్పుడు అడవిలో మోగిన నాటికి రెండు రోజుల పసివాడు, యాభై ఏళ్ళ తర్వాత ఆ పోరాటానికి గొంతిచ్చాడు.

దుందుభిలో పుట్టిన ఈ పిల్లలకు 1942కి ఇరవై ఏళ్ళు. క్విట్ ఇండియా వచ్చింది. ఘంటసాలను బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో పెట్టారు, పద్దెనిమిది నెలలు. అల్లు రామలింగయ్య కూడా ఆ ఉద్యమంలో జైలుకెళ్ళారు. వీళ్ళ తల్లిదండ్రులు పుల్లరి, శిస్తు, పోడు మాటలు విన్న తరం. ఊళ్ళో సిపాయిల కవాతు, రచ్చబండ దగ్గర అడవి కబుర్లు, ఇవన్నీ చెవుల్లో పడుతూనే ఆ పిల్లలు పెరిగారు. ఇరవై ఏళ్ళకు జైలంటే భయపడకపోవడానికి ఆ పెంపకమూ ఒక కారణమని నేను నమ్ముతాను.

రూథర్‌ఫర్డ్ ఏమయ్యాడని పిల్లలు అడిగేవాళ్ళు. 1924 ఏప్రిల్‌లో మన్యానికి స్పెషల్ కమిషనర్‌గా వచ్చాడు. పెదనందిపాడు రైతుల మీద, పల్నాడు మీద చేసిన పని చూసే పంపారు. అస్సాం రైఫిల్స్ దిగింది. ఊళ్ళకు తిండి అందకుండా చేసి, ఆచూకీ చెప్పకపోతే హింసించారు. మే 7న కొయ్యూరులో రాజును చెట్టుకు కట్టి కాల్చేశారు. ఆ జూన్‌లో గంటందొర. కృష్ణదేవిపేటలో ఇద్దరి సమాధులూ పక్కపక్కన ఉన్నాయి. ఒకసారి పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళాం. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి సమాధుల మీద పేర్లు చదివి, "మరి మల్లుదొర ఏడీ టీచర్?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆ అమ్మాయి అడిగినందుకు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

మల్లుదొర 1923లోనే పట్టుబడ్డాడు. ఉరిశిక్ష వేసి దాన్ని ద్వీపాంతరంగా మార్చారు. అండమాన్ చూసి ప్రాణంతో తిరిగొచ్చాడు. స్వతంత్రం వచ్చాక 1952లో జరిగిన తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు పోటీ చేశాడు, కాంగ్రెసు తరఫున కాదు, స్వతంత్రుడిగా. గెలిచాడు. చింతపల్లి ఠాణా మీదికి వెళ్ళిన మనిషి ఢిల్లీలో పార్లమెంటు సభ్యుడిగా ప్రమాణం చేశాడు.